ఎత్తు వేరు, బిగువు వేరు



లారీ వెనక నిలబడి ఎప్పుడైనా చక్రాల మధ్యకి తొంగి చూశారా? ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ బిగించి ఉంటాయి. పైన పొడుగు పట్టీ, కిందకి వచ్చేకొద్దీ పొట్టివి. కమాన్ కట్ట అంటాం. పార్సీలో కమాన్ అంటే విల్లు. ఆ పేరు పెట్టినవాడెవడో బండి కింద పడుకుని చూసే పెట్టి ఉంటాడు. ముప్ఫై ఏళ్లు బస్సుల వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి, నా జీతంలో సగం ఈ కట్టల పుణ్యమే. అయినా వాటి గురించి నాకు తెలియని సంగతి ఒకటి ఉందని రిటైరయ్యాక తెలిసింది. అదీ మన ఊళ్లో కాదు, ఇంగ్లండులో, రెండే సీట్లున్న ఒక చిన్న ఎర్ర కారు కింద.

మా మేనల్లుడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉంటాడు. ఉద్యోగం కంప్యూటర్లతో, పిచ్చి మాత్రం పాత కార్లతో. వాడి దగ్గర 1972 నాటి ఎంజీబీ ఉంది. పైకప్పు తీసి తిరిగే రోడ్‌స్టర్ రకం. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన పేరు అది. కార్లు తయారైంది మాత్రం అక్కడికి ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఆబింగ్డన్‌లో. 1929లో అక్కడికి చేరిన ఫ్యాక్టరీని 1980లో మూసేశారు. ఎంజీబీ 1962లో వచ్చి ఫ్యాక్టరీ మూతపడేదాకా నడిచింది. అన్ని రకాలూ కలిపి అయిదు లక్షల పైచిలుకు చేశారు. సింహభాగం అమెరికాకే పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పనుంది.

నేను వెళ్లిన మర్నాడు వాడు బానెట్ ఎత్తి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టుందనిపించింది. వినే ఉంటాను మరి. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ కంపెనీ వాళ్ల బి-సిరీస్ ఇంజను, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ ఇంజనూ ఆ వంశానిదే. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏ మొదట్లో ఆ 1489 సీసీతోనే నడిచింది. అంటే పెళ్లికొడుకుల్నీ, ఎమ్మెల్యేల్నీ మోసిన మన అంబాసిడర్‌కి ఈ ఎర్ర కారు దాయాది. ఇద్దరికీ వెనక ఇరుసు కూడా ఒకే పద్ధతి. అడ్డంగా ఒకే ఇరుసు, రెండు పక్కలా రెండు కమాన్ కట్టలు.

చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసరికి కారు కుడివైపుకి ఒరిగి కనిపించింది. మొత్తం వెనక భాగమే కుంగి ఉంది, కుడివైపు మరీను.

"మామయ్యా, స్ప్రింగులు చచ్చిపోయాయి. హెవీ డ్యూటీవి ఆర్డర్ చేద్దామనుకుంటున్నా" అన్నాడు.

"అలాగే, మంచివి వేయించు" అని నేనూ తలూపాను. బస్సుల్లో మేం చేసిందీ అదే కదా. కుంగిందంటే ఇంకో పట్టీ వెయ్యి, లావుది వెయ్యి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టైముల తేడా వల్ల పట్టలేదు, అంతకుమించి ఏం లేదు. అలా పడుకుని ఆలోచిస్తుంటే ఒక అనుమానం వచ్చింది. ఉక్కు ముసలిదైతే మెత్తబడుతుందా? స్ప్రింగు కుంగితే దాని బిగువు తగ్గినట్టా?

తగ్గదు. అదీ సంగతి. ఎంత బరువు పెడితే ఎంత వంగుతుందనే గుణం ఉక్కుకి వయసుతో మారదు. ఇంకో వింత చెప్తాను, వినండి. మామూలు మెత్తటి ఉక్కయినా, ఖరీదైన స్ప్రింగు ఉక్కయినా ఒకే కొలతలతో పట్టీలు చేసి ఒకే బరువు వేలాడదీస్తే దాదాపు ఒకేలా వంగుతాయి. తేడా బరువు తీశాక తెలుస్తుంది. స్ప్రింగు ఉక్కు తిరిగి లేస్తుంది, మెత్తటిది అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి బరువు మోసిన స్ప్రింగు ఉక్కు కూడా కొద్దికొద్దిగా వంపు పోగొట్టుకుంటుంది. పోయేది వంపు. బిగువు అలాగే ఉంటుంది. పట్టీ విరిగితేనో, తుప్పుపట్టి పలచబడితేనో తప్ప.

అందుకని కుంగిన కారుకి గట్టి స్ప్రింగు వెయ్యడమంటే చెప్పు వదులైందని కాలు వాపు తెచ్చుకోవడమే. కారు ఎత్తు పెరుగుతుంది, నిజమే. ఎలా పెరుగుతుందో లెక్క చూడండి. ఒక్కో కట్ట మీద 400 పౌన్ల బరువు ఉందనుకుందాం. కట్టని ఒక అంగుళం నొక్కడానికి 100 పౌన్లు పడుతుందనుకుందాం. అప్పుడు కారు నాలుగు అంగుళాలు దిగి నిలబడుతుంది. అదే వంపుతో కట్ట వేసి, బిగువుతోనే ఒక అంగుళం లేపాలంటే మూడు అంగుళాలకే ఆగాలి. అంటే అంగుళానికి 133 పౌన్లు. ఒక్క అంగుళం ఎత్తు కోసం మూడో వంతు బిగువు ఎక్కువ కొనుక్కున్నాం. ఇక ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. పాత బిగువుకి సరిపడా చేసిన షాక్ అబ్జార్బర్లు ఈ కొత్త బిగువుని అణచలేవు. గుంత దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది. అదే అంగుళాన్ని వంపులో పెట్టించుకుంటే బిగువు అంతే ఉంటుంది, ప్రయాణం పాతలాగే సుఖంగా ఉంటుంది.

ఎత్తు వేరు, బిగువు వేరు. ముప్ఫై ఏళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకున్నాను. బస్సులో యాభై మంది ఎక్కి దిగుతుంటే ఆ తేడా ఎవరికి పట్టింది?

పొద్దున్నే వాణ్ణి లేపి, ఆర్డరు ఆపమన్నాను. ముందు కొలతలు తీద్దామన్నాను. టేపు తెచ్చి నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలవబోయాడు. "అలా కాదురా" అన్నాను. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి కూడా లెక్కలోకి వస్తుంది. చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. అప్పుడు కొలిచేది స్ప్రింగు సంగతి ఒక్కటే. పెట్రోలు ఎంతుందో కూడా రాసుకోవాలి. ఈ కారుకి ట్యాంకు వెనకే ఉంది. 50 లీటర్లు పోస్తే దాదాపు 37 కిలోలు. పైన చెప్పిన బిగువుతో లెక్కేస్తే అదొక్కటే కారుని అర అంగుళానికి కాస్త తక్కువ దింపుతుంది. నిండు ట్యాంకుతో ఓసారి, ఖాళీ ట్యాంకుతో ఓసారి కొలిచి స్ప్రింగుల్ని తిట్టేవాళ్లున్నారు.

కుడివైపు ఎడమకన్నా ఒకటింపావు అంగుళం తక్కువ ఉంది. ఇక్కడ ఇంకో ముడి ఉంది. కారు వెనక కుడి కుంగినట్టు కనిపించినా తప్పు ముందు స్ప్రింగుది కావచ్చు. నాలుగు కాళ్ల మంచంలో ఒక కోడు పొట్టిదైతే ఏ కోడో చూసి చెప్పలేం కదా. దానికొక చిట్కా ఉంది. గ్యారేజీలో నేల సమంగా ఉన్నచోట, కారు ముందు భాగాన్ని అడ్డదూలం సరిగ్గా మధ్యలో ఒక్క జాకీ మీద లేపాం. ఇప్పుడు ముందు స్ప్రింగులకి కారుని అటూ ఇటూ వంచే శక్తి లేదు. ముందు ఒకే కాలి మీద నిలబడింది. అలా లేపాక వెనక వంకర పోతే తప్పు ముందుది, పోకపోతే వెనకది. మాకు పోలేదు. ఒక్క పావు అంగుళం సర్దుకుంది. మిగతా అంగుళం వెనకదే.

కట్టలు విప్పడం ఒక పూట పని. బాడీ కింద గట్టి స్టాండ్లు పెట్టి, ఇరుసుకి వేరే జాకీ ఆనించి, నాలుగు యు బోల్టులు తీశాం. వాటి నట్లు తిరగలేదు, రెండు కోసేశాం. కట్టని పట్టి ఉంచే కింది ప్లేటుకే షాక్ అబ్జార్బర్ లింకు తగిలించి ఉంటుంది, దాన్నీ విడదీశాం. పట్టీ ముందు కొసని చుట్టి చేసిన కన్నులో బోల్టు, వెనక కొసని పట్టి ఊగే షాకిల్ అనే లంకె బోల్టులు. ఇంగ్లండు వానలో యాభై ఏళ్ల తుప్పు. మధ్యాహ్నానికి రెండు కట్టలూ నేల మీదకి వచ్చాయి.

వాటిని పక్కపక్కనే గోడకి ఆనించి నిలబెట్టాం. రెండు కన్నులకీ దారం కట్టి లాగి, దారానికీ పట్టీకీ మధ్య ఎడం కొలిచాం. కుడిదానికి ఎడమకన్నా రెండు వేళ్లు వంపు తక్కువ. ఇంగ్లండులో స్టీరింగు కుడివైపే. యాభై ఏళ్లు ఒక్కరే నడుపుకుంటూ తిరిగితే ఆ ఒక్కరి బరువూ ఆ పక్క కట్ట మీదే. కింది పట్టీల కొసలు రాసుకుని పై పట్టీలో గోరు దూరేంత గాడి పడింది. విరిగినవి లేవు. పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఆ తుప్పు పట్టీల్ని అతికించేసి కట్టని కదలనివ్వదు. ఇలాంటి స్ప్రింగు నడిపేవాడికి గట్టిగా అనిపించడానికి కారణం ఇదే. కుంగిపోయిన స్ప్రింగు, పైగా గట్టిగా ఉండటం!

ఇక ఏది కొనాలి?

మొదటి మాట, వంపు తిరిగి వేయించడం. మన దగ్గర విజయవాడ ఆటోనగర్‌లోనో, ఏ హైవే పక్క లారీ షెడ్డులోనో అయితే కమాన్ మేస్త్రీకి ఇచ్చేస్తాం. పట్టీని దిమ్మె మీద పెట్టి, వరసగా సుత్తి దెబ్బలు వేసుకుంటూ వస్తాడు. చూస్తుండగానే వంపు తిరుగుతుంది. ఆ చెయ్యి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే చల్లటి పట్టీని కొట్టి వంచితే అది మళ్లీ త్వరగానే దిగుతుంది. బస్సుల్లో మాకిది అనుభవమే. సరిగ్గా చెయ్యాలంటే ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి, మళ్లీ కొంత వేడికి కాచి పదును పెట్టాలి. ఇంగ్లండులో ఇలా చేసే పాత స్ప్రింగు కార్ఖానాలు ఇంకా ఉన్నాయి. మా పట్టీలు గాళ్లు పడి ఉండకపోతే నేను ఇదే చేయించేవాణ్ణి. తన పట్టీలే తిరిగి వస్తే కారు తన నడక తాను మర్చిపోదు. గాడి పడిన పట్టీ పగులు ఎక్కడ మొదలుపెడుతుందో చెప్పలేం కనుక వద్దనుకున్నాం.

రెండోది, ఇంకో పట్టీ చేర్చడం. ఇది మళ్లీ బిగువు కొనుక్కోవడమే. అదీ తెలియకుండా. పట్టీ మందం ప్రభావం ఎంతో చాలామంది ఊహించరు. బిగువు మందంతో పాటు పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 7 మిల్లీమీటర్లది వేస్తే దాని బిగువు దాదాపు 60 శాతం పెరుగుతుంది. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకలాగే ఉంటాయి.

ఇంకా కొత్త రకాలున్నాయి. నడుమ మందంగా, కొసలకి సన్నగా సాగదీసిన పట్టీలు ఒకటో రెండో ఉంటాయి. రాపిడి తక్కువ, ప్రయాణం మెత్తన. బాగానే ఉంటాయి. మాకు అవి అక్కర్లేదు.

అంటే ఫ్యాక్టరీ కొలతల కొత్త కట్టలే. ఇక్కడే తలనొప్పి మొదలవుతుంది. ఎంజీబీ కట్ట అని ఒకటి లేదు. 1965లో వచ్చిన జీటీ రకానికి పైకప్పు రేకుది, వెనక అద్దాల తలుపు, బరువు ఎక్కువ, అందుకని కట్టలు గట్టివి. ఇక 1974 చివర్లో ఇంకో మార్పు. అమెరికాలో బంపరు ఫలానా ఎత్తులో ఉండాలని నిబంధన వచ్చింది. సింహభాగం అక్కడే అమ్ముడవుతుందని ఇందాక చెప్పాను కదా. కంపెనీ నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, కారు మొత్తాన్నీ ఒకటిన్నర అంగుళం లేపింది. వెనక ఎలా లేపారంటే కట్టల వంపు పెంచి. మలుపుల్లో కారు ఎలా ఒరుగుతుందో తర్వాత చూసుకుందామనుకున్నారో ఏమో, ఆ తర్వాత రెండేళ్లకి గాని అదుపు చేసే కడ్డీలు సరిగ్గా పెట్టలేదు. ఇప్పుడు ఆ రబ్బరు బంపరు కార్లని దింపడానికి ఇరుసుకీ కట్టకీ మధ్య దిమ్మెలు పెట్టుకునేవాళ్లున్నారు. వాటికి పొడుగాటి యు బోల్టులు కావాలి, అదో తంతు.

ఇన్ని రకాలూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ఒకదాని చోట ఒకటి దర్జాగా ఎక్కుతాయి. మాకు జరిగిందీ అదే. మాది రబ్బరు బంపర్లకి ముందుది, క్రోము బంపరు కారు. ఆర్డరు పెట్టింది క్రోము బంపరు రోడ్‌స్టర్‌కి. పెట్టె మీద చీటీ కూడా అదే చెప్పింది. ఎక్కించి దింపితే కారు వెనక భాగం తోకెత్తిన పిల్లిలా నిలబడింది. వాడు మొహం వేలాడేశాడు. నేను వంగి కింద చూస్తే ఇరుసు మరీ కిందకి జారకుండా ఆపే పట్టా ఒకటుంటుంది, అది అప్పటికే బిగుసుకుపోయి ఉంది. అంటే చక్రం గుంతలోకి దిగాల్సి వస్తే దిగడానికి చోటే లేదు. కొత్త కట్టలు కొంత దిగుతాయని అందరూ అంటారు. నిజమే, దిగుతాయి. మంచి కార్ఖానా అయితే అమ్మేముందే కట్టని ఒకసారి బాగా అణచి, దిగాల్సినంతా అక్కడే దింపేస్తుంది. అయినా మాది కావలసినదానికన్నా మూడు అంగుళాలు ఎత్తు, అంత ఎక్కడా దిగదు. వచ్చినవి రబ్బరు బంపరు కారువి.

దుకాణంవాళ్లు ముందు ఒప్పుకోలేదు. పేరెందుకులెండి. వాడు ఫోనులో బతిమాలుతుంటే నేను పక్క నుంచి, "నేను చెప్పినట్టు అడుగు" అన్నాను. పట్టీలెన్ని, మందమెంత, వట్టిగా ఉన్నప్పుడు వంపెంత, ఫలానా బరువు పెడితే వంపు ఎంత మిగులుతుంది. కంపెనీ వర్క్‌షాపు మాన్యువల్‌లోనే ఎంత బరువుకి చేసిన కట్టో రాసి ఉంటుంది. మన సరుకు దానికి సరిపోతోందా? అవతలివాడు కాసేపు మాట్లాడలేదు. మర్నాడు మార్చి పంపుతామన్నారు. కొనేముందే అడగాల్సిన ప్రశ్నలివి. మేం అడగలేదు.

రెండోసారి వచ్చినవి ఎక్కించేటప్పుడు నేను ఒక్కదాని దగ్గర పట్టుబట్టాను. కన్నుల్లోని బోల్టులు కారు గాల్లో ఉండగా బిగించకూడదు. లోపల రబ్బరు బుష్ ఉంటుంది. కట్ట వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. కారు దింపగానే అది మెలి తిరుగుతుంది, ఆ మెలి కారుని పైకి నెడుతుంది. కొన్నాళ్లకి రబ్బరు చిరుగుతుంది. అందుకని వదులుగా ఉంచి, కారుని తన చక్రాల మీద నిలబెట్టి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు దొర్లించి, అప్పుడు కిందకి దూరి బిగించాలి. డెబ్భై ఏళ్ల వయసులో కారు కిందకి దూరడం నాకు ఇష్టమే, బయటికి రావడమే కష్టం. కాళ్లు పట్టి లాగించుకున్నాను.

ఆ రోజు కొలిస్తే కావలసినదానికన్నా అంగుళం ఎక్కువ ఉంది. వాడు మళ్లీ మొహం పెట్టాడు. "ఊరుకో, తిరగనీ" అన్నాను. వారానికోసారి కొలత. యు బోల్టులు మొదటి వంద మైళ్లకే ఒకసారి మళ్లీ బిగించాం. కట్ట ఒదిగేకొద్దీ అవి వదులవుతాయి. మూడు వందల మైళ్లు దాటేసరికి ముప్పావు అంగుళం దిగింది. ఆ తర్వాత టేపు కదల్లేదు.

నేను బయల్దేరే ముందు ఆదివారం, వాడు సీట్లో కూర్చుని "చివరిసారి కొలువు మామయ్యా" అన్నాడు. కుడివైపు అర అంగుళం తక్కువ.

"మళ్లీ మొదలైందా?" అన్నాడు కిటికీలోంచి తల పెట్టి.

"నువ్వు దిగు."

దిగాడు. కొలిచాను. సమం.

వాళ్లావిడ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. వాడు మళ్లీ ఎక్కాడు. టేపు పెట్టి చూశాను. రెండు పక్కలా ఒకటే. కొలత చీటీ మీద రాసి వాడి చేతికిచ్చాను. ఇద్దరూ ఆబింగ్డన్ వైపు వెళ్లారు.